దీపావళికి పెట్టిన బ్యాటరీ ఈస్టర్‌కి దిగిపోతే

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అన్నయ్య గారూ, మేం ఇంగ్లండ్‌లో లీసెస్టర్‌లో ఉంటాం. పోయిన వేసవిలో 2012 మోడల్ టూరింగ్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దీపావళి అవగానే దానికి కవర్ కప్పి స్టోరేజీ యార్డులో పెట్టేశాం. మళ్లీ ఈస్టర్ సెలవులకే బయటికి తీశాం. బయల్దేరే ముందు రాత్రి ఇంటి ముందు ఆపి కరెంటు ప్లగ్గు పెట్టాం. పొద్దున్న ప్లగ్గు తీశాక లోపలి కంట్రోల్ ప్యానెల్ మీద 12.9 వోల్టులు చూపించింది. ఫుల్ అనుకున్నాం. పీక్ డిస్ట్రిక్ట్‌లో ఒక రైతు పొలంలో ఉన్న చిన్న సైటుకి వెళ్లాం. అక్కడ కరెంటు హుక్-అప్ (క్యారవాన్‌కి తగిలించుకునే సైటు కరెంటు) లేదు. రాత్రి ఎనిమిదిన్నరకి లైట్లు ఎర్రబడ్డాయి, నీళ్ల పంపు మూలిగి ఆగిపోయింది, హీటరు ఆగిపోయింది. ప్యానెల్ మీద 10.4. పిల్లలూ మా అత్తయ్య గారూ ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. మా వారు కారు నుంచి జంప్ లీడ్స్ పెడదామంటే నేనే భయపడి వద్దన్నాను. షాపుకి తీసుకెళ్తే మీటరు కూడా పెట్టకుండా 'ఇది పోయింది, కొత్తది వేసుకోండి' అన్నారు. ముందున్న ఓనరు రెండేళ్ల క్రితం వేయించిన 110 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో ఆ లెక్క) బ్యాటరీ అది. నిజంగా పోయిందా? బతికించుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, లీసెస్టర్

జవాబు: అమ్మా, ఆ బ్యాటరీ ఇంకా అలాగే దిగి ఉందా? ఉంటే పత్రిక పక్కన పెట్టి, ముందు దానికి చార్జింగ్ పెట్టి రండి. మిగతాది వచ్చాక చదవచ్చు.

ఎందుకింత తొందర పెడుతున్నానో చెబుతాను. నేను ఈ దేశం రాకముందు విజయవాడ ఆటోనగర్‌లో ఒక బ్యాటరీ షాపులో పదకొండేళ్లు పనిచేశాను. వరి కోతలు అయిపోయాక ట్రాక్టరు షెడ్డులో పెట్టేసి, మళ్లీ తొలకరికి బ్యాటరీ భుజాన పెట్టుకుని వచ్చే రైతులు ఎంతమందో. మా మేస్త్రి మీటరు ముట్టుకునేవాడు కాదు, బ్యాటరీ వైపు చూసేవాడు కాదు. ముందు ఒకటే అడిగేవాడు: "దిగి ఎన్నాళ్లయింది?" నిన్న దిగిందంటే నవ్వుతూ చార్జింగ్ బెంచీ మీద పెట్టించేవాడు. మూడు నెలలంటే కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెల్లగా చెప్పేవాడు.

బ్యాటరీ దిగుతున్నప్పుడు లోపల సీసం ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. అది మామూలే, ప్రతి బ్యాటరీలోనూ జరిగేదే. కొత్తగా పేరుకున్నప్పుడు అది మెత్తగా ఉంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే కరిగి మళ్లీ యాసిడ్‌లో కలిసిపోతుంది. అలాగే వదిలేస్తే, వానాకాలంలో జాడీలో ఉప్పు గడ్డకట్టినట్టు గట్టిపడిపోతుంది. ఇక తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు. గడ్డకట్టిన మేరకు ఆ ప్లేటు పనికిరానట్టే. అంటే బ్యాటరీని చంపేది దిగడం కాదు, దిగాక అలా వదిలేసిన రోజులు.

ఇప్పుడు మీ 10.4 సంగతి. ఆ అంకె విని షాపులో పోయిందని తేల్చేశారేమో కానీ, ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్లు బాగుంటే 2.1 వోల్టులు ఇస్తుంది. అన్నీ కలిపితే 12.6 పైచిలుకు. ఆరు సెల్సూ సమానంగా దిగిపోయి, లైట్లు వెలుగుతుండగా చూస్తే 10.4 కనిపిస్తుంది. ఐదు సెల్స్ దివ్యంగా ఉండి ఒక్కటి షార్టయి చచ్చిపోయినా, ఐదు రెళ్లు పది, పైన కాస్త, అదే 10.5 దగ్గర కనిపిస్తుంది. మొదటిదైతే ఆశ ఉంది. రెండోదైతే లేదు. తేడా చార్జింగ్ పెట్టాకే తెలుస్తుంది.

ఎలా పెట్టాలో చెబుతాను. బ్యాటరీ పెట్టెలోంచి తీసేటప్పుడు ముందు గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టండి. స్పానరు గానీ ఉంగరం గానీ రెండు టెర్మినల్స్‌కీ తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. ఆటోనగర్‌లో ఒక కుర్రాడి వేలు అలా కాలడం నా కళ్లతో చూశాను. నెగటివ్ వైరు ముందు విప్పండి, పెట్టేటప్పుడు చివర పెట్టండి. బరువు పాతిక కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు పట్టుకోండి. నాలుగు వైపులా తడిమి చూడండి. చలికాలంలో దిగి ఉన్న బ్యాటరీలో యాసిడ్ నీళ్లలా పలచబడి గడ్డకడుతుంది. అలా గడ్డకట్టి పక్కలు ఉబ్బినా, పగిలినా ఇక చార్జింగ్ మాటే వద్దు. మీ కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటరులో ఇచ్చేయండి.

ఉబ్బు లేకపోతే గ్యారేజీలోనో, షెడ్డులోనో గాలి ఆడేచోట పెట్టండి. వంటింట్లో వద్దు, చార్జింగ్‌లో హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. చార్జరు మాత్రం క్యారవాన్ లోపలిది కాకుండా విడిగా దొరికే స్మార్ట్ చార్జరు తీసుకోండి. మీ మోడల్ వయసున్న చాలా క్యారవాన్లలో లోపలి చార్జరు 13.8 వోల్టుల దగ్గరే నిలబడిపోతుంది. బాగున్న బ్యాటరీని నిండుగా ఉంచడానికి అది చాలు. పూర్తిగా దిగినదాన్ని లేపడానికి 14.4 దాకా వెళ్లి, తర్వాత తగ్గే చార్జరు కావాలి. కరెంటు విషయంలో మా మేస్త్రి లెక్క ఇక్కడా పనికొస్తుంది: ఏహెచ్‌లో పదో వంతు. 110 ఏహెచ్‌కి పది ఆంపియర్లు. ఒక పూటలో అయ్యేది కాదు, ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. గంటకోసారి వెళ్లి అరచెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒక మూల మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా గోడ దగ్గర స్విచ్ ఆపి, తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి. అది పోయిన సెల్లు.

ఈ వాసన దగ్గరే ఇంకో సంగతి. పోయిన ఏడాది ఒక పెద్దాయన క్యారవాన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండు రాత్రులు మోగింది. గ్యాస్ పొయ్యి, హీటరు అన్నీ చూపించుకున్నారు, ఎక్కడా లోపం లేదు. నన్ను పిలిస్తే బ్యాటరీ పెట్టె మూత తీశాను, పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. ఒక సెల్లు షార్టయింది. చార్జరు ఆపకుండా తోస్తూనే ఉంది. ఆ హైడ్రోజన్‌కి అలారం మోగుతోంది. అలారం మోగితే మాత్రం బ్యాటరీయేలే అనుకుని పడుకోకండి. ముందు అందరూ బయటికి రావాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

చార్జింగ్ అయ్యాక వెంటనే మీటరు పెట్టి సంబరపడకండి. మీరు చూసిన 12.9 మిమ్మల్ని మోసం చేసింది అక్కడే. అది పాల మీద మీగడ లాంటిది, పైన చిక్కగా కనిపిస్తుంది, కింద నీళ్లున్నా తెలియదు. ప్లగ్గు తీసిన కాసేపటి వరకు ఏ బ్యాటరీ అయినా ఎక్కువే చూపిస్తుంది. సల్ఫేట్ గడ్డకట్టిన బ్యాటరీ మరీ తొందరగా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే నింపుకోవడానికి దానిలో మిగిలిన చోటే కొంచెం. అన్ని వైర్లూ తీసి పన్నెండు గంటలు వదిలేయండి. అప్పుడు చూస్తే 12.6, 12.7 ఉంటే ముందుకెళ్దాం. 10.5 దగ్గర ఆగిపోతే ఒక సెల్లు పోయినట్టే, దాంతో వాదన అనవసరం.

12.6 ఉన్నా పరీక్ష ఇంకా ఉంది. పాత కారు హెడ్‌లైట్ హాలోజన్ బల్బు, 55 వాట్లది, ఏ గ్యారేజీలో అడిగినా ఇస్తారు. దానికి రెండు వైర్లు కట్టి, పాజిటివ్ వైరులో ఒక పది ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, బ్యాటరీకి తగిలించండి. బల్బు బాగా కాలుతుంది, పింగాణీ ప్లేటులో పెట్టండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. అది నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. పది గంటలు వెలిగితే 45 ఏహెచ్ ఖర్చు. మీ 110 బాగుంటే ఇంకా సగానికి పైనే మిగలాలి. బల్బు తీసి రెండు గంటలాగి చూస్తే 12.2 కంటే పైన ఉండాలి. ఉంటే ఆ బ్యాటరీ మీకు ఇంకా రెండు మూడేళ్లు రావచ్చు, కొత్తది కొనకండి. మూడు నాలుగు గంటలకే బల్బు వెలుగుతుండగా 11.5కి పడిపోతే వెంటనే బల్బు తీసేయండి. దానిలో మూడో వంతు కూడా మిగల్లేదు. హుక్-అప్ ఉన్న సైట్లకి తీసుకెళ్తే పని నడుస్తుంది కానీ, పొలంలో మళ్లీ అదే రాత్రి వస్తుంది.

నా మనసులో మాట దాచను. మీ బ్యాటరీ బతికే అవకాశం తక్కువ అనిపిస్తోంది. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. యార్డులో పెట్టినప్పుడు అలారం ఆన్‌లో ఉంచే ఉంటారు. ట్రాకరు కూడా ఉందేమో. మాకు సర్వీసుకి వచ్చే క్యారవాన్లలో అన్నీ ఆపేశాక కూడా అలారం, ట్రాకరు, రేడియో మెమొరీ కలిసి 0.06 ఆంపియర్ లాగడం నేను చాలాసార్లు కొలిచాను. చూడ్డానికి అది లెక్కలోకే రాదు. రోజుకి ఇరవై నాలుగు గంటలు, ఒకటిన్నర ఏహెచ్‌కి కాస్త తక్కువ. డెబ్భై ఐదు రోజులకి 108. అంటే దీపావళికి పెట్టిన బ్యాటరీ సంక్రాంతికే ఖాళీ. అక్కడి నుంచి ఈస్టర్ దాకా రెండున్నర మూడు నెలలు ఖాళీగా, చలిలో, గడ్డకడుతూ కూర్చుంది. దాని మీద ఒక్క రాత్రి 13.8 పోస్తే మీగడ కట్టింది, అంతే. పొలానికి చేరాక మోటార్ మూవర్‌తో (కారు లేకుండా క్యారవాన్‌ని కదిలించే మోటారు) బండిని సర్దుకుని ఉంటారు కదా? మూవర్ గడ్డి నేల మీద, ఎత్తు మీద పదుల ఆంపియర్లు లాగేస్తుంది. ఉన్న కాస్తా అక్కడే పోయి ఉంటుంది.

మీ దాంట్లో ఎంత లాగుతోందో కొలవండి. అన్నీ ఆపి, మూవర్ ఐసోలేటర్ స్విచ్ కూడా ఆపి, నెగటివ్ వైరు విప్పి, టెర్మినల్‌కీ వైరుకీ మధ్య మల్టీమీటరుని పది ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి చూడండి. మీటరు అలా ఉండగా మూవర్ గానీ పంపు గానీ వెయ్యకండి, మీటరు ఫ్యూజు పోతుంది. వచ్చే చలికాలం బ్యాటరీని ఇంటికి తెచ్చి నెలకోసారి చార్జింగ్ పెట్టుకోండి. ఇన్సూరెన్సు వాళ్లు అలారం ఆన్‌లో ఉండాలని షరతు పెడితే, ముందు ఆ పాలసీ చదివి, నెలకోసారి యార్డుకి వెళ్లి బ్యాటరీ మార్చి రావాల్సిందే. కప్పు మీద సోలార్ ప్యానెల్ ఉంటే అదే చూసుకుంటుందనీ అనుకోవద్దు. మీలా కవర్ కప్పేస్తే దాని మీద ఎండ పడదు.

మీ వారు చెప్పిన జంప్ లీడ్స్ గురించి. ఆయన ఆలోచన తప్పు కాదు, కారు కారుకి చేసే పనే. కాకపోతే కారు అరగంట సేపు నడిపితే ఆ పెద్ద బ్యాటరీలోకి వెళ్లేది ఒక సాయంత్రానికి కూడా చాలదు. పైగా దిగిన బ్యాటరీ మొదట్లో ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, చీకట్లో క్లిప్పులు తారుమారైతే నిప్పురవ్వలు ఎగురుతాయి. మీరు వద్దన్నది మంచిదే. కారునీ క్యారవాన్‌నీ కలిపే 13-పిన్ ప్లగ్గు పెట్టి ఇంజిన్ నడిపినా చార్జింగ్ వెళ్తుంది. కానీ అంత పొడుగు సన్నటి వైరులో వోల్టేజీ తగ్గిపోతుంది, కొత్త కార్లలో ఆల్టర్నేటరు కూడా నిండిందనుకోగానే తగ్గించేస్తుంది. దారిలో నిండుతుందిలే అన్న నమ్మకం వదిలేయండి.

ఆ రాత్రికి ఏం చెయ్యగలిగేవారంటే, చాలా క్యారవాన్ల ప్యానెల్ మీద 'కారు' అని ఒక బటన్ ఉంటుంది. 13-పిన్ తగిలించి అది నొక్కితే లైట్లకి కారు బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. అరగంట, గంట, పిల్లల్ని పడుకోబెట్టేవరకు చాలు. ఎక్కువసేపైతే పొద్దున్న కారు కూడా కదలదు. గ్యాస్ పొయ్యికి బ్యాటరీ అక్కర్లేదు, అగ్గిపుల్లతో వెలుగుతుంది. వేడినీళ్ల సీసాలు నింపి దుప్పట్లలో పెట్టండి. అయితే పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టడం, బార్బెక్యూ బొగ్గులు లోపలికి తేవడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. అత్తయ్య గారు చలికి వణుకుతుంటే అన్నీ కట్టేసి హుక్-అప్ ఉన్న సైటుకి ఫోన్ చేసి వెళ్లిపోవడమే సరైన పని. డబ్బు పోయిందని బాధపడొద్దు.

కొత్తది కొనాల్సి వస్తే లేబుల్ మీద ఎన్‌సీసీ (నేషనల్ క్యారవాన్ కౌన్సిల్) గుర్తు చూడండి. క్యారవాన్లలో వాడే ఈ లెజర్ బ్యాటరీలని ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశారు. హుక్-అప్ లేని పొలాల్లో ఉండేవాళ్లకి 'ఏ', ఎక్కువగా హుక్-అప్ మీదే ఉంటూ మూవర్ వాడేవాళ్లకి 'బీ', ఎప్పుడో ఒక పూట బ్యాటరీ మీద ఉండేవాళ్లకి 'సీ'. ఈ లేబుల్ ఎరుగని రోజుల్లో మేం ఎత్తి చూసేవాళ్లం. సీసం ఎంతుంటే బరువు అంత. 110 అని రాసి ఉన్నా చంటిపిల్లలా చేతుల్లోకి తేలిగ్గా వచ్చేస్తే అక్కడే దించేయండి. పాత బ్యాటరీ కొలతలు రాసుకుని వెళ్లండి, పెట్టెలో పట్టాలి కదా.

బ్యాటరీ ఎంత మంచిదైనా సగం కంటే కిందికి దించకూడదు. సగం అంటే మీటరు మీద 12.2. మీరు ఉత్తరంలో చెప్పినవాటికి టీవీ కూడా కలిపి లెక్క వేశాను. సాయంత్రం లైట్లకి ఎనిమిది, పంపుకి రెండో మూడో, రాత్రంతా హీటరు ఫ్యానుకి పన్నెండు, పిల్లల టీవీకి ఆరు. మొత్తం ముప్పై ఏహెచ్ దగ్గర. 110లో సగం యాభై ఐదు. రెండు రాత్రులు కూడా పూర్తిగా రావు. నాలుగు రోజులు పొలంలో ఉండాలంటే కప్పు మీద ఒక వంద వాట్ల సోలార్ ప్యానెల్ వేయించుకోండి, లేదా మూడో రోజు హుక్-అప్ సైటుకి మారేలా ముందే బుక్ చేసుకోండి.

ప్రశ్న: సీసం బ్యాటరీ గోల ఎందుకని లిథియం వేసుకుందామనుకుంటున్నాను. మాది 2010 క్యారవాన్. తీసి పెట్టేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, స్లౌ

జవాబు: సరిపోదండీ. బ్యాటరీ మంచిదే. బరువు సగానికి తక్కువ, లోతుగా దించినా తట్టుకుంటుంది, వాడకుండా వదిలినా సల్ఫేట్ సమస్య లేదు. కానీ మీ పాత చార్జరు సీసం బ్యాటరీ కోసం చేసింది, దీన్ని పూర్తిగా నింపలేకపోవచ్చు. సున్నా డిగ్రీల కింద లిథియంకి చార్జింగ్ పెట్టకూడదు కూడా, ఇక్కడి జనవరిలో అది తరచూ వచ్చే సమస్యే. మూవర్ ఉంటే అది లాగే కరెంటుని బ్యాటరీ లోపలి బీఎంఎస్ (దాన్ని కాపాడే కంట్రోల్ బోర్డు) ఒప్పుకుంటుందో లేదో చూడాలి, లేకపోతే ఎత్తు మీద బండి సగంలో ఆగిపోతుంది. చార్జరుతో కలిపి మార్చే ఓపిక, డబ్బు ఉంటే వేయించుకోండి. ఏడాదికి రెండు ట్రిప్పులైతే మంచి సీసం బ్యాటరీయే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మానాన్నలు ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి తెనాలి నుంచి వస్తున్నారు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది. పోయినసారి తిరిగి వెళ్లేసరికి చచ్చిపోయింది. ఈసారి ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రీడింగ్

జవాబు: ఇదీ లీసెస్టర్ వారి కథే, వారిది చలికాలం, తెనాలిలో ఎండాకాలం. వేడి ఎక్కువైన కొద్దీ బ్యాటరీ తనంతట తనే తొందరగా దిగుతుంది. మెయిన్ ఆపేసి ఇన్వర్టర్ స్విచ్ మాత్రం ఆన్‌లో వదిలేసి వచ్చి ఉంటారు, అది కాస్త కాస్త లాగుతూనే ఉంటుంది. బయల్దేరే వారం ముందు బ్యాటరీ మూతలు తీసి గుర్తు దాకా డిస్టిల్డ్ వాటర్ పోయించండి, కుళాయి నీళ్లు కాదు, మినరల్ వాటర్ కూడా కాదు. ఒక రోజంతా చార్జింగ్ ఎక్కనివ్వండి. తర్వాత ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించి, ఆ కొసకి గుడ్డ చుట్టించండి. తాళం ఎవరికిస్తున్నారో వాళ్లకి ఇంకొక్క మాట చెప్పండి: నెలన్నరకోసారి ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి, వైరు పెట్టించి, పొద్దున్నించి సాయంత్రం దాకా చార్జింగ్ పెట్టించి, మళ్లీ విప్పించమని. తారీఖులు నాన్నగారి చేత క్యాలెండర్ మీద రాయించి ఆ తాళంతో పాటే ఇవ్వండి.

లీసెస్టర్ చెల్లెమ్మా, చార్జింగ్ తీసిన పన్నెండు గంటలకి వచ్చిన అంకె, బల్బు పరీక్ష అయ్యాక వచ్చిన అంకె, అన్నీ ఆపినప్పుడు లాగుతున్న ఆంపియర్లు, ఈ మూడూ నాకు రాసి పంపండి. బ్యాటరీ ఉంచాలో మార్చాలో వచ్చే నెల చెబుతాను.